ఫైలు కళ్ల ముందే ఉన్నా ‘నాట్ ఫౌండ్’ ఎందుకు: చిన్న లినక్స్ బాక్సుల్లో సిద్ధంగా ఉన్న ప్యాకేజీలు వేసుకునే పద్ధతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. ఆకివీడు దగ్గర రొయ్యల చెరువు గట్టున, ఏరేటర్ల (నీటిలో గాలి కలిపే యంత్రాల) ప్యానెల్ బోర్డు ఉన్న షెడ్డులో, మీడియాటెక్ ఎంటీ7628 చిప్పు, 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ ఉన్న చిన్న రౌటరులో రౌటర్ల కోసం చేసిన చిన్న లినక్స్ అయిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 23.05 వేశారు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే ప్రోబ్‌ను ఆర్‌ఎస్-485 యూఎస్‌బీ కన్వర్టరు ద్వారా దానికి కలిపి, రీడింగులను మస్కిటో అనే ప్రోగ్రాముతో ఇంటికి పంపాలనుకున్నారు. కంప్యూటర్లలో వాడే డెబియన్ లినక్స్ సైటులో ‘మిప్స్ఎల్’ (ఒక ప్రాసెసరు రకం) అని రాసి ఉన్న డెబ్ ఫైలును, అంటే డెబియన్ ప్యాకేజీని దించి, విప్పి, అందులోని ప్రోగ్రామును రౌటరులోకి కాపీ చేశారు. ఫైలు కనబడుతోంది, అనుమతులు కూడా సరిగ్గానే ఉన్నాయి, అయినా నడిపితే ‘నాట్ ఫౌండ్’ అంటోంది. డెబియన్ సీ లైబ్రరీని (ప్రోగ్రాములన్నీ వాడుకునే మూల ఫంక్షన్ల కట్టను) కూడా తెచ్చి పెడితే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అంటోంది. కన్వర్టరు డ్రైవరు వేయబోతే కెర్నెల్ (లినక్స్‌లో అన్నిటినీ నడిపించే మూల భాగం) సరిపోలడం లేదంటోంది. ఈలోగా ఫ్లాష్ నిండిపోయింది.

ఈ ఇబ్బందులన్నిటికీ మూలం ఒక్కటే. ముందుగా కంపైల్ చేసి ఉంచిన ప్యాకేజీని ఏ సిస్టం కోసం కట్టారో, ఆ సిస్టం సీ లైబ్రరీ, ప్రాసెసరు, కెర్నెల్ అన్నీ అలాగే ఉంటాయన్న నమ్మకంతోనే అది నడుస్తుంది. డెస్క్‌టాప్ లినక్స్‌లో ఈ సంగతి మనకు తెలియకుండానే గడిచిపోతుంది, ఎందుకంటే అక్కడ కావలసినవన్నీ ముందే ఉంటాయి. చోటు కోసం అన్నీ తీసేసిన చిన్న సిస్టంలో మాత్రం ఆ నమ్మకాల్లో ఏ ఒక్కటి తప్పినా ప్రోగ్రాము కదలదు. కాబట్టి మీకు కావలసిన ప్యాకేజీ ఎక్కడైనా దొరుకుతుందా అని వెతకడం మాని, మీ రౌటరులో ఉన్న వెర్షను కోసమే కట్టినది ఏది అని వెతకడం మొదలుపెట్టాలి.

‘నాట్ ఫౌండ్’ అన్న మాట మీ ఫైలు గురించి కాదు. లైబ్రరీలపై ఆధారపడే ప్రతి ప్రోగ్రాము, తనను మెమరీలోకి ఎక్కించి ఆ లైబ్రరీలను కలిపిపెట్టే లోడరు ఎక్కడ ఉంటుందో పూర్తి దారితో సహా తన ఈఎల్‌ఎఫ్ హెడర్లలో, అంటే ఫైలులోనే ఉండే వివరాల పట్టికలో, రాసి పెట్టుకుంటుంది. కెర్నెల్ ఆ దారి చదివి వెళ్లినప్పుడు అక్కడ లోడరు లేకపోతే, ‘అలాంటి ఫైలు లేదు’ అన్న ఎర్రరునే తిరిగి ఇస్తుంది. లేనిది మీ ప్రోగ్రామా, దాని లోడరా అన్న తేడా ఆ ఎర్రరులో ఉండదు, మీరు కొట్టే కమాండ్లను నడిపే షెల్ కూడా దాన్ని ఉన్నదున్నట్టుగా మీకు చూపిస్తుంది. డెబియన్ మిప్స్ఎల్ ప్రోగ్రాములు లిబ్ ఫోల్డరులో ‘ఎల్‌డీ.ఎస్‌ఓ.1’ అనే ఫైలు కోసం చూస్తాయి. అది డెబియన్ సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ లోడరు. మీ రౌటరులో ఉన్న సీ లైబ్రరీ మజిల్, దాని లోడరు పేరు ‘ఎల్‌డీ-మజిల్-మిప్స్ఎల్-ఎస్‌ఎఫ్.ఎస్‌ఓ.1’. రౌటరులో లిబ్ ఫోల్డరు తెరిచి చూడండి, ఈ రెండో పేరు కనిపిస్తుంది, మొదటిది కనిపించదు. ఇంట్లో లినక్స్ కంప్యూటరు ఉంటే ‘రీడ్‌ఈఎల్‌ఎఫ్’ అనే కమాండును చిన్న ‘ఎల్’ ఆప్షనుతో ఆ డెబియన్ ప్రోగ్రాము మీద నడపండి. వచ్చే వరసల్లో ‘రిక్వెస్టింగ్ ప్రోగ్రామ్ ఇంటర్‌ప్రెటర్’ అన్న చోట అది ఏ లోడరును అడుగుతోందో స్పష్టంగా ఉంటుంది. కొత్త ఫైలు దేన్నయినా రౌటరు ఎక్కించే ముందు ఈ ఒక్క పరీక్ష చేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పని, మజిల్ లోడరుకు జీలిబ్‌సీ లోడరు పేరుతో ఒక సింబాలిక్ లింకు పెట్టడం. అప్పుడు ‘నాట్ ఫౌండ్’ పోయి, ‘ఎర్రర్ రీలొకేటింగ్’ అని మొదలై ‘సింబల్ నాట్ ఫౌండ్’ అని ముగిసే వరసలు వస్తాయి. జీలిబ్‌సీలో మాత్రమే ఉండే ఫంక్షన్లను ఆ ప్రోగ్రాము అడుగుతోందని, మజిల్‌లో అవి లేవని దాని అర్థం. ఒకవేళ అదృష్టవశాత్తు ప్రోగ్రాము నడిచినా, రెండు లైబ్రరీల లోపలి ఏర్పాట్లు వేరు కాబట్టి ఏ క్షణాన కూలుతుందో చెప్పలేము. రాత్రంతా చెరువును కనిపెట్టుకుని ఉండవలసిన బాక్సులో ఇలాంటి అతుకు వేయవద్దని గట్టిగా చెబుతాను.

మీరు జీలిబ్‌సీని కూడా తెచ్చి పెట్టారు కాబట్టి లోడరు దొరికింది, తర్వాతి అడ్డంకి బయటపడింది. ఎంటీ7628లో ఉన్న మిప్స్ 24కేఈసీ కోరులో దశాంశ సంఖ్యల లెక్కలు చేసే ప్రత్యేక భాగం, అంటే ఎఫ్‌పీయూ, లేదు. డెబియన్ మిప్స్ఎల్ ప్యాకేజీలను అది ఉందనుకునే కంపైల్ చేశారు. కొన్ని కెర్నెళ్లు ఎఫ్‌పీయూ లేని లోటును సాఫ్ట్‌వేరుతో పూరిస్తాయి గానీ, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఇలాంటి చిప్పులకు ఆ సదుపాయం లేకుండానే కెర్నెల్ కట్టి, ప్యాకేజీలన్నిటినీ సాఫ్ట్ ఫ్లోట్ పద్ధతిలో, అంటే దశాంశ లెక్కలను ఎఫ్‌పీయూ లేకుండా చేసుకునేలా, కంపైల్ చేస్తుంది. మజిల్ లోడరు పేరు చివర ఉన్న ‘ఎస్‌ఎఫ్’ అదే. సింగిల్ ఫేజ్ లైను మీద త్రీఫేజ్ మోటారు తెచ్చి కలిపినట్టే ఇది: ఎక్కడా తీగ తెగలేదు, మోటారూ మంచిదే, కానీ అది అడిగేది ఆ లైనులో లేదు. కాబట్టి పేరులో ‘మిప్స్ఎల్’ అన్న మాట కలిసినంత మాత్రాన ప్యాకేజీ పనికి వస్తుందని అనుకోవద్దు. మీ రౌటరుకు సరిపోయే పూర్తి పేరు ‘మిప్స్ఎల్_24కేసీ’. ఎట్‌సీ ఫోల్డరులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ_రిలీజ్ అనే ఫైలును ‘క్యాట్’ కమాండుతో తెరిస్తే, ‘డిస్ట్రిబ్_ఆర్చ్’ అన్న వరసలో ఆ పేరు, దాని దగ్గరే వెర్షను, టార్గెట్ (చిప్పు కుటుంబం పేరు) కనిపిస్తాయి. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత ప్రతి అడుగులోనూ పనికి వస్తాయి.

మీకు ఇంకా తగలని ఎర్రరు ఒకటి కూడా చెబుతాను, ఎందుకంటే అది మరీ తప్పుదారి పట్టిస్తుంది. పూర్తిగా వేరే ప్రాసెసరు కోసం, ఉదాహరణకు రాస్ప్‌బెరీ పై కోసం కట్టిన ప్రోగ్రామును ఇందులో నడిపితే, కెర్నెల్ దాన్ని గుర్తించక తిరస్కరిస్తుంది. అప్పుడు రౌటరులోని బిజీబాక్స్ షెల్ దాన్ని స్క్రిప్టు అనుకుని చదవబోయి ‘సింటాక్స్ ఎర్రర్’ అంటూ ఎక్కడో ఒక బ్రాకెట్ తేడాగా ఉందని చెబుతుంది. ఆ మాట నమ్మి ఫైలు పాడైందేమోనని మళ్లీ మళ్లీ దించుకునేవారున్నారు. దించుకోవడంలో తప్పు లేదు, ప్రాసెసరే వేరు.

పాత బ్లాగుల్లో దొరికే ఐపీకే ఫైళ్ల (ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్యాకేజీల) విషయంలోనూ జాగ్రత్త పడాలి. మజిల్ మొదటి విడుదల 2011లో వచ్చింది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 15.05 వరకు యూసీలిబ్‌సీ అనే మరో చిన్న లైబ్రరీని వాడి, ఆ తర్వాత మజిల్‌కు మారింది; మరో చిన్న లినక్స్ అయిన ఆల్పైన్ 2014లో వచ్చిన 3.0తో మారింది. అందువల్ల పదేళ్ల నాటి ఐపీకే మీ చిప్పుకే కట్టినదైనా ఈనాటి సిస్టంలో నడవదు. పైగా ప్రోగ్రాము ఏ డిస్ట్రిబ్యూషన్ నుంచి వచ్చినా, వెర్షను మారితే దాని లైబ్రరీల వెర్షన్లూ మారతాయి.

ఇప్పుడు మీ పనికి వద్దాం. మీకు కావలసిన మస్కిటో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సొంత రిపాజిటరీలోనే (నెట్టులోని ప్యాకేజీల నిల్వలోనే) ఉంది. డెబియన్ దాకా వెళ్లనక్కరలేదు. అది రెండు రూపాల్లో దొరుకుతుంది: మస్కిటో-ఎస్‌ఎస్‌ఎల్, మస్కిటో-నోఎస్‌ఎస్‌ఎల్. మొదటిది గుప్తీకరణ చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీని వెంట తెస్తుంది, చోటంతా ఎక్కువగా తినేది ఆ లైబ్రరీయే. రీడింగులు షెడ్డులోని వైఫై దాటి బయటికి వెళ్లకపోతే రెండోది చాలు. ఇంటర్నెట్ మీదుగా ఇంటికి పంపుతున్నారు కాబట్టి మీకు మొదటిదే కావాలి; చోటు మిగులుతుందని గుప్తీకరణ లేకుండా పంపవద్దు, ముఖ్యంగా అదే దారిలో ఏరేటర్లను ఆన్ చేసే ఆదేశాలు కూడా రాబోతున్నప్పుడు.

రౌటరులో ప్యాకేజీలు వేసే కమాండు ఓపీకేజీ. ‘ఓపీకేజీ అప్‌డేట్’ కొట్టిన తర్వాత, వెంటనే ఇన్‌స్టాల్ చేయకుండా, ‘నోయాక్షన్’ ఆప్షనుతో ఒకసారి నడపండి. ఏమేమి ప్యాకేజీలు వెంట వస్తాయో అది చూపిస్తుంది, ఏదీ వేయదు. ప్యాకేజీల జాబితా ర్యామ్‌లోనే ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. రౌటరు ఆగి మళ్లీ మొదలైతే ఆ జాబితా పోతుంది, అప్‌డేట్ మళ్లీ కొట్టాలి. కరెంటు పోయి వచ్చిన తర్వాత ‘అన్‌నోన్ ప్యాకేజ్’ అని వస్తే కారణం చాలావరకు ఇదే, రిపాజిటరీలో ప్యాకేజీ మాయం కాలేదు.

కరెంటు మాట వచ్చింది కాబట్టి, ప్యాకేజీ సరిగ్గా పడ్డాక కూడా ఎదురయ్యే ఒక చిక్కు ఇక్కడే చెప్పాలి. ఇలాంటి రౌటర్లలో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. మొదలైనప్పుడు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎట్‌సీ ఫోల్డరులో అన్నిటికంటే కొత్త ఫైలు తేదీని చూసి, సుమారుగా అదే సమయం అనుకుని పని ప్రారంభిస్తుంది. నెట్టు అందాక ఎన్‌టీపీ ద్వారా అసలు సమయం తెచ్చుకుంటుంది. రాత్రి లైను పోయి జనరేటరు మీదికి మారేసరికి రౌటరు మళ్లీ మొదలైందనుకోండి, ఫోను హాట్‌స్పాట్ ఇంకా అందలేదు, గడియారం నెలల వెనక ఉంది. అప్పుడు మస్కిటో అవతలి సర్వరు సర్టిఫికెట్‌ను చూసి, దాని కాలం ఇంకా మొదలే కాలేదని అనుకుని కనెక్షన్ తెంచేస్తుంది. చూసేవారికి ప్యాకేజీ పాడైనట్టే ఉంటుంది. మస్కిటోను మొదలుపెట్టే స్క్రిప్టులో సమయం సరిపడే వరకు ఆగే ఏర్పాటు చేయండి. వీలైతే రౌటరుకు చిన్న డీసీ యూపీఎస్ కూడా పెట్టండి.

డ్రైవరు ప్యాకేజీ సంగతి వేరు. కేమాడ్ అని మొదలయ్యే పేర్లున్నవి కెర్నెల్ మాడ్యూళ్లు, ఇవి మిగతా ప్యాకేజీల కంటే చాలా కఠినంగా ఉంటాయి. ఒక్కో కేమాడ్ ప్యాకేజీ కెర్నెల్ వెర్షనుతో పాటు, ఆ కెర్నెల్‌ను ఏ సెట్టింగులతో కట్టారో తెలిపే పొడవాటి హ్యాష్‌ను కూడా తన అవసరంగా రాసుకుంటుంది. మీరు పంపిన ఎర్రరులో కెర్నెల్ పేరు తర్వాత ఉన్న అక్షరాల వరస అదే. మీరు దించిన ఫైలు స్నాప్‌షాట్ ఫోల్డరులోది, అంటే ఇంకా విడుదల కాని తయారీలోది. స్నాప్‌షాట్లు తరచూ కొత్తగా కట్టబడుతుంటాయి, వాటి కెర్నెల్ మీ 23.05 కెర్నెల్ కాదు. మీ కన్వర్టరులో సీహెచ్340 చిప్పు ఉందన్నారు కాబట్టి మీకు కావలసింది కేమాడ్-యూఎస్‌బీ-సీరియల్-సీహెచ్341. దాన్ని మీ వెర్షను చివరి అంకె వరకు సరిపోయే విడుదల ఫోల్డరు నుంచి, ర్యామిప్స్ టార్గెట్, ఎంటీ76ఎక్స్8 సబ్‌టార్గెట్ కిందనే తీసుకోవాలి. రౌటరు తయారీదారు తన సొంత మార్పులతో ఇచ్చిన ఫర్మ్‌వేరు (రౌటరులో ఎక్కించే మొత్తం సిస్టం) అయితే అధికారిక కేమాడ్‌లు దానికి సరిపోవు. ఆ సందర్భంలో అధికారిక ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి మారడం తప్ప తిన్నని దారి లేదు.

‘ఫోర్స్-డిపెండ్స్’ ఆప్షను పెడితే ఎర్రరు పోతుందని ఎవరో మీకు చెప్పారు. పోయేది హెచ్చరిక మాత్రమే. సరిపోని మాడ్యూలును కెర్నెల్ లోపలికి రానివ్వకపోతే అది మీ మంచికే. రానిస్తే రౌటరు అర్ధరాత్రి ఏ కారణమూ చెప్పకుండా ఆగిపోవచ్చు. అలాగే, ఉన్న ప్యాకేజీలన్నిటినీ ఒకేసారి ‘అప్‌గ్రేడ్’ చేసే ఒక్క వరస కమాండ్లు నెట్టులో తిరుగుతుంటాయి. ఉబుంటులో మంచి అలవాటైన ఈ పని ఇలాంటి రౌటర్లలో హాని చేస్తుంది, దానికి కారణం ఫ్లాష్ అమరికలో ఉంది.

ఫర్మ్‌వేరుతో వచ్చినదంతా స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే, చదవడానికి మాత్రమే వీలయ్యే భాగంలో బాగా కుదించి ఉంటుంది. దాని మీద జేఎఫ్‌ఎఫ్‌ఎస్2తో నడిచే, రాయడానికి వీలయ్యే పల్చటి పొర ఒకటి ఉంటుంది. మీరు వేసేవన్నీ ఆ పై పొరలోకే వెళ్తాయి. ముందే ఉన్న ప్యాకేజీని కొత్త వెర్షనుకు మారిస్తే పాతది కింద అలాగే ఉంటుంది, కొత్తది పైన మళ్లీ చోటు తీసుకుంటుంది. ముందే ఉన్నదాన్ని తీసేసినా ఖాళీ రాదు, అది లేదని పై పొరలో ఒక గుర్తు మాత్రం పడుతుంది. 16 ఎంబీలో ఫర్మ్‌వేరు పోగా మిగిలేది కొద్ది మెగాబైట్లే. అందులో మీరు జీలిబ్‌సీని, డెబియన్ లైబ్రరీలను పెట్టారు. చోటు చాలక ఇన్‌స్టాల్ మధ్యలో ఆగితే ఓపీకేజీ అప్పటికే రాసిన ఫైళ్లను శుభ్రంగా వెనక్కి తీయదు. అందుకే చోటు ఎంత నిండిందో చూపే ‘డీఎఫ్’ కొట్టినప్పుడు మీకు వంద శాతం కనిపిస్తోంది.

ఈ స్థితిలో ఒక్కొక్క ఫైలు వెతికి తుడవడం కంటే మొదటి నుంచి మొదలుపెట్టడం మంచిది. ఫర్మ్‌వేరు మార్చే కమాండు ‘సిస్‌అప్‌గ్రేడ్’ను చిన్న ‘బీ’ ఆప్షనుతో నడిపి సెట్టింగుల బ్యాకప్‌ను టీఎంపీ ఫోల్డరులోకి తీసుకోండి. టీఎంపీ ర్యామ్‌లో ఉంటుంది కాబట్టి ఫ్లాష్ నిండినా రాయనిస్తుంది, కానీ వెంటనే ఇంటి కంప్యూటరుకు కాపీ చేసుకోవాలి. ఆ తర్వాత ‘ఫస్ట్‌బూట్’ కొట్టి రీబూట్ చేస్తే పై పొర మొత్తం తుడిచిపెట్టుకుపోయి, ఫర్మ్‌వేరు వేసిన నాటి స్థితి వస్తుంది. ఫ్లాష్ నిండి రౌటరు సరిగ్గా మొదలు కాకపోతే, మొదలయ్యే సమయంలో బటను నొక్కి ఫెయిల్‌సేఫ్ అనే అత్యవసర స్థితిలోకి వెళ్లి అదే పని చేయవచ్చు.

కాపీ చేయడంలో ఒక చిన్న ఆటంకం ఉంది, ముందే చెబితే మీ సాయంత్రం ఒకటి మిగులుతుంది. కంప్యూటరు నుంచి రౌటరులోకి వెళ్లడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో, 2022లో వచ్చిన 9.0 నుంచి, ఫైళ్లు కాపీ చేసే ‘ఎస్‌సీపీ’ కమాండు లోపల ఎస్‌ఎఫ్‌టీపీ పద్ధతిని వాడుతోంది. మీ రౌటరులో ఆ పని చూసే డ్రాప్‌బేర్‌తో ఎస్‌ఎఫ్‌టీపీ సర్వరు రాదు, కాబట్టి కొత్త కంప్యూటరు నుంచి కాపీ విఫలమవుతుంది. ఎస్‌సీపీకి పెద్ద ‘ఓ’ ఆప్షను చేర్చండి, పాత పద్ధతిలో వెళ్లిపోతుంది.

మీకు నా అసలు సలహా ఇమేజ్ బిల్డర్. చెరువులు నాలుగైదు ఉన్నాయని, ఒక్కో షెడ్డులో ఒక్కో రౌటరు పెడతామని రాశారు. ప్రతి గట్టు మీదా నిలబడి, ఫోను సిగ్నలు అందీ అందక, ఒక్కొక్క ప్యాకేజీ దించుకోవడం సరైన పద్ధతి కాదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రతి విడుదలకు, ప్రతి టార్గెట్‌కు ఇమేజ్ బిల్డర్ అనే కట్ట ఇస్తుంది. ఇది సోర్సు నుంచి దేన్నీ కంపైల్ చేయదు. రిపాజిటరీలోని సిద్ధ ప్యాకేజీలనే తెచ్చి, మీరు కోరిన వాటితో ఒక ఫర్మ్‌వేరు ఫైలు తయారు చేస్తుంది. 64 బిట్ లినక్స్ కంప్యూటరులో దాన్ని విప్పి, ‘మేక్ ఇన్‌ఫో’ కొడితే రౌటర్ల ప్రొఫైలు పేర్లు వస్తాయి. మీ ప్రొఫైలు పేరు, కావలసిన ప్యాకేజీల జాబితా ఇచ్చి ‘మేక్ ఇమేజ్’ నడపాలి. మస్కిటో-ఎస్‌ఎస్‌ఎల్, సీహెచ్341 కేమాడ్ జాబితాలో చేర్చండి. మీరు వాడని పీపీపీ ప్యాకేజీల పేర్ల ముందు మైనస్ గుర్తు పెట్టండి. ఇక్కడ తీసేస్తే నిజంగానే చోటు మిగులుతుంది, ఎందుకంటే అవి స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌లోకే వెళ్లవు. అదే ప్యాకేజీ పై పొరలో కంటే స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌లో తక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి, చేత్తో వేస్తే పట్టనివి కూడా ఇలా పడతాయి. సరిపోని కేమాడ్, దొరకని లైబ్రరీ ఉంటే ఇంట్లో కూర్చున్నప్పుడే బిల్డర్ ఆగి చెబుతుంది. ఫైల్స్ అనే ఫోల్డరులో మీ మస్కిటో సెట్టింగులు, ప్రోబ్ చదివే స్క్రిప్టు పెడితే అవి కూడా ఇమేజ్‌లో కలుస్తాయి. పాస్‌వర్డులు, కీలు మాత్రం అందులో పెట్టి ఆ ఫైలును ఎవరికీ పంచకండి. ఒక రౌటరు ఉప్పుగాలికి పాడైతే కొత్తదానికి అదే ఇమేజ్ ఎక్కించి గంటలోపే నిలబెట్టవచ్చు. లినక్స్ కంప్యూటరు లేకపోతే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఫర్మ్‌వేర్ సెలెక్టర్ పేజీలోనే ప్యాకేజీల జాబితా ఇచ్చి ఇమేజ్ కట్టించుకోవచ్చు.

పైథాన్ గురించి అడిగారు. పూర్తి పైథాన్ ఈ ఫ్లాష్‌కు భారం. తప్పదంటే పైథాన్3-లైట్, పైసీరియల్ వరకు ఆగండి. పైథాన్ లైబ్రరీలు తెచ్చే ‘పిప్’ మీద ఆశ పెట్టుకోవద్దు: అక్కడ ఉండే సిద్ధ ప్యాకేజీలు (వీల్ ఫైళ్లు) ఎక్కువగా జీలిబ్‌సీ కోసం కట్టినవి, మజిల్ కోసం ఉన్నవి కూడా మిప్స్ చిప్పులకు ఉండవు, అప్పుడు పిప్ సోర్సు తెచ్చి రౌటరులోనే కంపైల్ చేయబోతుంది, అక్కడ కంపైలరే లేదు. రిపాజిటరీలో లేని ప్రోగ్రాము తప్పనిసరిగా కావాలంటే, గో భాషలో రాసినదాన్ని ఎంచుకోండి. ఇంటి కంప్యూటరులోనే సీగో (సీ కోడును కలిపే ఏర్పాటు) ఆపి, గోఆర్చ్ విలువ మిప్స్ఎల్ఈగా, గోమిప్స్ విలువ సాఫ్ట్‌ఫ్లోట్‌గా పెట్టి కంపైల్ చేస్తే, లోడరుతో గానీ సీ లైబ్రరీతో గానీ పని లేని ఒకే ఫైలు వస్తుంది. పరిమాణం మెగాబైట్లలో ఉంటుంది, అది ముందే లెక్క చూసుకోండి.

ఒక మాట ప్యాకేజీల గురించి కాకపోయినా చెప్పక తప్పదు. ఆక్సిజన్ అన్నిటికంటే పడిపోయేది తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉన్న వేళ. ఈ ఏర్పాటు కొన్ని వారాలు ఆగకుండా నడిచేదాకా, కాపలా మనిషిని, చేతి మీటరును తీసివేయకండి. రీడింగు రాకపోవడాన్ని కూడా అలారంగానే పెట్టండి. లేకపోతే రౌటరు ఆగిన రాత్రి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

చివరగా వెర్షను సంగతి. 24.10 వరకు ప్యాకేజీలు వేసేది ఓపీకేజీయే. దాని తర్వాతి తరంలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఆల్పైన్ వాడే ఏపీకేకు మారింది, అప్పుడు ‘ఇన్‌స్టాల్’ బదులు ‘యాడ్’ అని, ‘రిమూవ్’ బదులు ‘డెల్’ అని కొట్టాలి, ఐపీకే ఫైళ్లు అక్కడ పనికిరావు. కొత్త వెర్షనుకు వెళ్లేటప్పుడు సిస్‌అప్‌గ్రేడ్ సెట్టింగులను ఉంచుతుంది గానీ, మీరు విడిగా వేసిన ప్యాకేజీలను ఉంచదు. ఇమేజ్‌లో కలిపినవి మాత్రమే వస్తాయి. అందుకని ఇమేజ్ బిల్డర్‌కు ఇచ్చిన జాబితాను ఒక ఫైలులో దాచి, కొత్త విడుదల బిల్డర్‌కు అదే ఇవ్వండి. ముందుగా ఒక్క చెరువు రౌటరుకే వేసి చూసి, తర్వాత మిగతావి మార్చండి. ఇమేజ్ కట్టేటప్పుడు బిల్డర్ ఎక్కడైనా ఆగితే, ఆ చివరి ఇరవై వరసలు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ_రిలీజ్ ఫైలులో ఉన్నది ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.